యాంప్లిఫయర్ మార్చాలా? నాకు జవాబు ఒక సిమెంట్ రెసిస్టర్ దగ్గర దొరికింది

మా ఇంట్లో యాంప్లిఫయర్ 2009లో కొన్నది. ఛానెల్‌కి 50 వాట్లు, లోపల ట్రాన్సిస్టర్లు, క్లాస్ ఏబీ. ఇన్నేళ్లూ ఏ పేచీ పెట్టకుండా పాడింది. పోయిన వేసవిలో మాత్రం ఎడమ స్పీకర్ ఉన్నట్టుండి మూగబోవడం మొదలైంది. వాల్యూమ్ బాగా పెంచితే టక్కుమని తిరిగొచ్చేది. తగ్గించి కూర్చుంటే పది నిమిషాలకి మళ్లీ పోయేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "ఎలాగూ పాతబడింది కదా, ఈసారి వేరే రకం తీసుకో." ఒకరు వాల్వు అన్నారు, అదే, పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు. ఇంకొకరు క్లాస్ డి అన్నారు. అరచేతిలో పట్టేంత డబ్బాలో వంద వాట్లు వస్తుంటే ఈ పది కిలోల ఇనప్పెట్టె ఎందుకని.

సరిగ్గా ఆ వారమే కూకట్‌పల్లిలో మా స్నేహితుడి ఇంటికి వెళ్లాను. వాడి దగ్గర 300బి వాల్వు యాంప్ ఉంది. బాలమురళీకృష్ణ గారి కచేరీ పెట్టాడు. ఆలాపన మొదలైన అర నిమిషానికి నేను మాట్లాడటం ఆపేశాను. గొంతు స్పీకర్లని వదిలేసి గది మధ్యకి వచ్చి కూర్చున్నట్టుంది. ఇంటికొచ్చి అదే కచేరీ పెట్టుకుంటే నాది చప్పగా అనిపించింది. ఆ రాత్రే ధరలు చూశాను. లక్ష దాటింది. అయినా కొనేద్దామనే అనుకున్నాను.

కొనలేదు. ఎందుకు కొనలేదో చెప్పడానికే ఈ పోస్టు. యాంప్ రకం మార్చే ముందు మీ చెవికి నచ్చింది దేనివల్ల వచ్చిందో పట్టుకోండి. నా విషయంలో దాని విలువ ఇరవై రూపాయలని తేలింది.

ముందు ఈ రకాల సంగతి కొంచెం. మా అమ్మమ్మగారి ఊళ్లో వడ్లు దంచేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో జంటపోటు వేసేవారు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడేది. క్లాస్ బి యాంప్‌లో జరిగేది ఇదే. శబ్దపు అలలో పైసగం ఒక ట్రాన్సిస్టర్ మోస్తుంది, కింది సగం ఇంకొకటి. ఒకరి నుంచి ఒకరికి పని మారే క్షణంలో తడబాటు వస్తే అక్కడ శబ్దం చెడుతుంది, అదీ తక్కువ వాల్యూమ్‌లో ఎక్కువగా వినిపిస్తుంది. అందుకని ఇద్దరినీ కాసేపు కలిసి పనిచేయిస్తారు. అది ఏబీ. క్లాస్ ఏలో ఒక్కరే మొత్తం మోస్తారు. పని మారడమే ఉండదు, తడబాటూ ఉండదు. కానీ పాట ఉన్నా లేకపోయినా పూర్తి కరెంటు తాగుతూనే ఉండాలి. మా స్నేహితుడి 300బి ఆ రకం. ఆ వాల్వు 1938 నాటిది, అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లది. అప్పట్లో సినిమా హాళ్ల సౌండ్ పరికరాల్లో వాడేవారు. ఒక్క వాల్వుతో ఛానెల్‌కి వచ్చేది 8 వాట్లు.

క్లాస్ డి దారి వేరు. కుళాయిని సగం తిప్పి ధార పోసే బదులు, పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం, సెకనుకి కొన్ని లక్షల సార్లు. ఎంతసేపు తెరిచి ఉంచారన్నదాన్ని బట్టి కింద బకెట్లో నీటిమట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ బకెట్ పని యాంప్ చివర ఉండే కాయిల్, కెపాసిటర్ చేస్తాయి. సగం తెరిచిన కుళాయి ఎక్కడా లేదు కాబట్టి వేడిగా పోయే కరెంటు చాలా తక్కువ. డి అంటే డిజిటల్ అని చాలామంది అనుకుంటారు. ఏ, బి, సి అయ్యాక వచ్చిన అక్షరం, అంతే.

స్నేహితుడు ఒక నెలకి ఊరెళ్తూ తన యాంప్ మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. "రెండు వారాలు విను, తర్వాత నువ్వే కొంటావు" అన్నాడు. పద్దెనిమిది కిలోలు. లిఫ్ట్ దాకా ఇద్దరం మోశాం.

మా నాన్నకి వాల్వులు కొత్త కాదు. 1960లలో వాళ్ల ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో మైకు సెట్టు దగ్గర కూర్చునేవారట. స్విచ్చి వేసిన వెంటనే పాట రాదు, వాల్వు కాగాలి, అప్పటిదాకా జనం ఎదురుచూసేవారు. మా హాల్లో ఆ రెండు వాల్వులూ ఎర్రబడుతుంటే ఆయన కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. ఘంటసాల పాట పెట్టాను. అంతా విని, "గొంతు బాగా దగ్గరకొచ్చిందిరా. కానీ తబలా ఎందుకో సాగుతోంది" అన్నారు.

ఆ ఒక్క వాక్యం నన్ను ఆపింది. అప్పటిదాకా నాకు వినిపించింది మొదటి సగమే. రెండో సగం కోసం మృదంగం ఉన్న రికార్డింగ్ పెట్టాను. నిజమే. కుడి వైపు దెబ్బ బాగానే ఉంది. ఎడమ వైపు, తొప్పి మీద పడే గుమ్మనే దెబ్బ నా యాంప్‌లో పడి ఆగుతుంది. ఇందులో పడ్డాక కాసేపు నిలుస్తుంది. వినడానికి ఇంపుగానే ఉంది. కానీ వాయించినాయన అక్కడ ఆపాడు, యాంప్ ఆపలేదు.

గొంతు ముందుకి రావడం, తొప్పి సాగడం, ఈ రెండూ ఒకే కారణం వల్ల కావచ్చని అనుమానం వచ్చింది. యాంప్‌లకి అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అని ఒకటుంది. స్పీకర్‌కి కరెంటు ఇచ్చేటప్పుడు యాంప్ తన లోపలే పెట్టుకునే అడ్డు అనుకోండి. నా ట్రాన్సిస్టర్ యాంప్‌లో అది 0.1 ఓమ్ చుట్టుపక్కల. ఫీడ్‌బ్యాక్, అంటే బయటికి వెళ్లేదాన్ని లోపలికి వచ్చినదాంతో పోల్చి సరిదిద్దుకునే ఏర్పాటు, లేని 300బి యాంప్‌లలో రెండు మూడు ఓమ్‌లు ఉండటం మామూలే. స్పీకర్ వెనక 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది గానీ అది పేరుకే. నా స్పీకర్లు కొన్ని స్వరాల దగ్గర 5 ఓమ్‌లకి దిగుతాయి, కింది స్వరాలనీ పైస్వరాలనీ విడదీసే క్రాసోవర్ దగ్గర, అంటే గొంతులో స్పష్టత ఉండే చోట, 22కి ఎక్కుతాయి. కింద బేస్ దగ్గర కూడా ఒక గుట్ట ఉంది. యాంప్ లోపలి అడ్డు పెద్దదైతే, స్పీకర్ ఓమ్‌లు ఎక్కువున్న చోట శబ్దం పెరుగుతుంది, తక్కువున్న చోట తగ్గుతుంది. పైగా స్పీకర్ కోన్‌ని బిగించి పట్టుకునే శక్తి యాంప్‌కి తగ్గుతుంది, అందుకే దెబ్బ సాగుతుంది.

ఊహతో సరిపెట్టుకోవాలనిపించలేదు. రెండు 8 ఓమ్‌ల రెసిస్టర్లు తెచ్చి, 400 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్‌తో కొలిచాను. ఒక రెసిస్టర్ మీద 2.00 వోల్టులు వచ్చేలా పెట్టి, వాల్యూమ్ ముట్టుకోకుండా రెండూ వరసగా కలిపి 16 ఓమ్‌లు చేస్తే 2.28 వోల్టులు వచ్చింది. లెక్క వేస్తే యాంప్ లోపలి అడ్డు 2.6 ఓమ్‌లు. దానికి నా స్పీకర్ల 5, 22 ఓమ్‌లు కలిపి చూస్తే ఎత్తుపల్లాల మధ్య తేడా రెండున్నర డెసిబెల్స్ పైనే. అంటే టోన్ కంట్రోల్ తిప్పినట్టే. ఎవరి చెవికైనా తెలుస్తుంది.

మర్నాడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 2.7 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు రెండు తెచ్చాను. తెల్లగా, సుద్దముక్కలా ఉంటాయి. రెండూ కలిపి ఇరవై రూపాయలు. నా పాత యాంప్‌కీ స్పీకర్లకీ మధ్య, ఒక్కో స్పీకర్‌కి ఒక్కోటి చొప్పున కలిపాను. దీనివల్ల యాంప్‌కి హాని లేదు, దాని మీద భారం కాస్త తగ్గుతుంది కూడా. బాలమురళి గారి కచేరీ మళ్లీ పెట్టాను.

గొంతు గది మధ్యకి వచ్చింది. తొప్పి సాగింది.

అంత సులువుగా నమ్మకూడదని నాకు తెలుసు. నమ్మాలని ఉన్నప్పుడు చెవి మన మాటే వింటుంది. అందుకే మా అమ్మాయిని పిలిచాను. ఇంటర్ చదువుతోంది, ఇలాంటి పనులంటే ఇష్టం. స్పీకర్ దగ్గర వోల్టేజీ రెండు యాంప్‌లకీ సమానంగా ఉండేలా సరిచేశాను. 2.00కి 2.02 వచ్చినా సరే, అంతకన్నా తేడా ఉండకూడదు. అది 0.1 డెసిబెల్ లెక్క. ఈ ఒక్క పనీ చెయ్యకుండా చేసే పోలికలన్నీ వృథా అని నా గట్టి అభిప్రాయం. అర డెసిబెల్ ఎక్కువున్నది మనకి ఎక్కువ శబ్దంగా అనిపించదు, మెరుగ్గా అనిపిస్తుంది. షోరూముల్లో జరిగే చాలా నిర్ణయాలు ఇక్కడే తప్పుతాయి.

యాంప్‌లకి దుప్పటి అడ్డం కట్టాం. అమ్మాయి ప్రతిసారీ బొమ్మాబొరుసా వేసి, పాట ఆపి, తీగలు మార్చి, అదే ఇరవై సెకన్ల ముక్క పెట్టేది. (వాల్వు యాంప్‌ని స్పీకర్ తగిలించకుండా పాట పెట్టకూడదు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. ఇంట్లో చేసి చూసేవాళ్లు ఇది మర్చిపోకండి.) మొదట రెసిస్టర్ లేకుండా నా యాంప్, వాల్వు యాంప్. పన్నెండుకి పదకొండు సార్లు సరిగ్గా చెప్పాను. తర్వాత రెసిస్టర్ ఉన్న నా యాంప్, వాల్వు యాంప్. పన్నెండుకి ఏడు. నాన్న ఆరు. కళ్లు మూసుకుని అంకె చెప్పినా అంతే వస్తుంది.

ఇదేదో నేను కనిపెట్టానని అనడం లేదు. 1985లోనే అమెరికాలో బాబ్ కార్వర్ ఇంతకన్నా పెద్ద పని చేశాడు. స్టీరియోఫైల్ పత్రిక వాళ్లు ఎంచుకున్న ఖరీదైన వాల్వు యాంప్ ఒకటి పక్కన పెట్టుకుని, తన చవక ట్రాన్సిస్టర్ యాంప్‌ని దానికి సరిపోయేలా కొద్ది రోజుల్లోనే సర్దాడు. రెండిటి అవుట్‌పుట్‌లో తేడాని మాత్రమే బయటికి తీసి, ఆ తేడా దాదాపు మాయమయ్యేదాకా మార్చుకుంటూ పోయాడు. పత్రిక వాళ్లు విని ఏది ఏదో చెప్పలేకపోయారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1947లో ఇంగ్లండ్‌లో విలియమ్సన్ అనే ఇంజినీరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన సర్క్యూట్ పూర్తిగా వాల్వులదే. 15 వాట్ల దగ్గర దాని డిస్టార్షన్, అంటే శబ్దం చెడటం, 0.1 శాతానికి మించదు. వాల్వు అంటే వెచ్చదనం అని అందరూ అంటారు గానీ, వాల్వుతో శుభ్రంగానూ చెయ్యొచ్చు, ట్రాన్సిస్టర్‌తో వెచ్చగానూ చెయ్యొచ్చు. రకం పేరు చూసి శబ్దం ఎలా ఉంటుందో చెప్పలేం.

"మరి మీ స్నేహితుడు డబ్బు వృథా చేశాడా?" అని మా ఆవిడ అడిగింది. లేదు. వాడి స్పీకర్లు 95 డెసిబెల్స్‌వి. అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో అంత మోత వస్తుంది. నావి 86. ఆ తొమ్మిది డెసిబెల్స్ తేడా అంటే వాట్లలో ఎనిమిది రెట్లు. వాడి 8 వాట్లు నా ఇంట్లో 64 వాట్లతో సమానం. వాడి జోడీ కుదిరింది. అదే యాంప్ నా స్పీకర్లకి కుదరదు.

ఎందుకో లెక్క చూడండి. మా హాల్లో సోఫా స్పీకర్లకి మూడు మీటర్ల దూరం. రెండు స్పీకర్లూ కలిపి ఒక్కో వాట్‌కి నా చెవి దగ్గర 80 డెసిబెల్స్ పైచిలుకు వస్తుంది. అది బాగా వినపడే మోతే. కానీ పాట అంతా ఒకే స్థాయిలో ఉండదు. మృదంగం మీద ఒక గట్టి దెబ్బ సగటు కన్నా 15 డెసిబెల్స్ పైకి లేస్తుంది. 15 డెసిబెల్స్ అంటే ముప్పై రెట్లు. ఆ దెబ్బకి 30 వాట్లు కావాలి. 300బి దగ్గర ఎనిమిదే ఉన్నాయి. అది గట్టిగా చిట్లదు, మెత్తగా లొంగిపోతుంది. అందుకే చెవికి కోపం రాదు. కానీ తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగంలో, దెబ్బకీ దెబ్బకీ ఉన్న తేడా పోయి అన్నీ ఒకే ఎత్తులో పడతాయి. రెండో వారంలో కాస్త వాల్యూమ్ పెంచినప్పుడు ఇది స్పష్టంగా విన్నాను. రెసిస్టర్‌తో నా యాంప్ అదే పాటని లొంగకుండా వాయించింది.

వాట్ల విషయంలో మనందరం ఎన్నోసార్లు మోసపోయాం. చిన్నప్పుడు టూ-ఇన్-వన్‌ల మీద 2000 వాట్స్ పీఎంపీఓ అని స్టిక్కర్ ఉండేది, గుర్తుందా? ఇప్పుడు ఆ స్టిక్కర్ చిన్న క్లాస్ డి డబ్బాల మీదికి వచ్చింది. ఒకటి ఆరు వేలకి తెప్పించి చూశాను. ఛానెల్‌కి వంద వాట్లు అని ఉంది. దాంతో ఇచ్చిన అడాప్టర్ 24 వోల్టులది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 24 వోల్టులతో ఎంత పిండినా 36 వాట్లకి మించి రాదు. 24ని 24తో గుణించి 16తో భాగిస్తే చాలు, ఎవరైనా చూసుకోవచ్చు. అయితే నాకు కావలసిన ముప్పై అందులో ఉన్నాయి. ఆరు వేలకి ముప్పై నిజమైన వాట్లంటే మంచి బేరమే. వంద అని రాయకుండా ఉంటే ఇంకా గౌరవం ఉండేది.

దాని శబ్దంలో పైస్వరాలు కాస్త పదునుగా అనిపించాయి. మళ్లీ అదే కారణం, వేరే చోట. ఇందాక బకెట్ అన్నానే, ఆ కాయిల్, కెపాసిటర్ చవక యాంప్‌లలో ఫీడ్‌బ్యాక్‌కి బయట ఉంటాయి. స్పీకర్ ఓమ్‌లని బట్టి పైస్వరాలు లేస్తాయి, పడతాయి. వాల్వు యాంప్ గొంతు దగ్గర చేసిన పనిని ఇది కంచు తాళాల మోత దగ్గర చేస్తోంది. ఫిలిప్స్‌లో, తర్వాత హైపెక్స్ అనే కంపెనీలో పనిచేసిన ఇంజినీరు బ్రూనో పుట్జీస్ లాంటివాళ్లు ఆ బకెట్‌ని కూడా ఫీడ్‌బ్యాక్ లోపలికి తెచ్చాక ఈ సమస్య పోయింది. అలా కట్టిన మాడ్యూళ్లు ఇప్పుడు ఏ రకం యాంప్‌కీ తీసిపోవు. 1960ల మధ్యలో ఇంగ్లండ్‌లో సింక్లెయిర్ కంపెనీ వాళ్లు 10 వాట్ల క్లాస్ డి కిట్ అమ్మి అందులో పావువంతుకి మించి రాబట్టలేకపోయిన రోజులతో పోలిస్తే ఇది చాలా దూరం వచ్చింది. నా యాంప్ ఎప్పటికైనా పూర్తిగా పోతే నేను కొనేది అలాంటిదే.

వాల్వు కొనకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే ఆ యాంప్ పాట ఉన్నా లేకపోయినా 170 వాట్లు తాగుతోంది. రోజుకి నాలుగు గంటలు వింటే నెలకి ఇరవై యూనిట్లు. డబ్బు కన్నా వేడి బాధ ఎక్కువ. మే నెల హైదరాబాద్‌లో ఒక పక్క ఏసీ వేసుకుని ఇంకో పక్క హీటర్ పెట్టుకున్నట్టు. లోపల వందల వోల్టులు ఉంటాయి, స్విచ్చి ఆపాక కూడా కెపాసిటర్లలో కాసేపు నిలిచి ఉంటాయి. వాల్వులు అరిగిపోతాయి, మార్చుకోవాలి. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు రేడియో వాల్వులు చేసేవారు. ఇప్పుడు చైనా, రష్యా, స్లొవేకియా వైపు చూడాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా వాల్వులు దొరక్క ధరలు ఎలా లేచాయో వాడేవాళ్లకి గుర్తుంటుంది.

చీకట్లో ఆ వాల్వుల వెలుగు అందంగా ఉంటుంది, కాదనను. దాన్ని చూస్తూ వినడం కోసం కొంటానంటే కొనుక్కోండి, అది మంచి కారణమే. శబ్దం కోసమైతే ముందు ఇరవై రూపాయలు ఖర్చు పెట్టి చూడండి. నచ్చితే లక్ష మిగిలింది. నచ్చకపోతే వాల్వు యాంప్ కూడా మీ స్పీకర్ల మీద నచ్చకపోయే అవకాశమే ఎక్కువ.

ఇక ఎడమ స్పీకర్ మూగబోయిన సంగతి. కోఠిలోనే ఒక చిన్న దుకాణంలో పెద్దాయన యాంప్ మూత విప్పి, పెన్సిల్ వెనక భాగంతో ఒక చిన్న డబ్బాని టకటకా కొట్టారు. స్పీకర్ పలికింది. స్పీకర్లని కాపాడటానికి పెట్టిన రిలే అది, కరెంటుతో తనే పడే స్విచ్చి అన్నమాట. ఆయన దాని ప్లాస్టిక్ తొడుగు తీసి చూపించారు. లోపల వెండి రంగులో ఉండాల్సిన చుక్కలు నల్లగా పొగచూరినట్టున్నాయి. తక్కువ వాల్యూమ్‌లో కరెంటు ఆ నలుపుని దాటలేకపోతోంది, పెంచితే దాటుతోంది. కొత్త రిలే, పని చేసినందుకు కలిపి నాలుగు వందలు. "ఇంకో పదేళ్లు పాడుతుంది బాబూ, అమ్మకండి" అన్నారు.

రెసిస్టర్లు పారేయలేదు. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, బయటికి స్విచ్చి పెట్టాను. పైకి వేస్తే రెసిస్టర్ మధ్యలోకి వస్తుంది, కిందికి వేస్తే పోతుంది. ఘంటసాల పాటలకి నాన్న దాన్ని పైకే ఉంచుతున్నారు. గొంతు దగ్గరగా ఉంటే ఆయనకి ఇష్టం, ఈ వయసులో మాటలు స్పష్టంగా వినబడతాయట. నిన్న సాయంత్రం ఒక కచేరీ పెట్టుకున్నాం. రాగం, కీర్తన, కల్పనస్వరాలు అయ్యాయి. మృదంగానికి తని వదిలారు. మొదటి దెబ్బ పడగానే నాన్న మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, వెళ్లి స్విచ్చి కిందికి నొక్కి, తాళం వేసుకుంటూ వచ్చి కూర్చున్నారు.